విల్లు, అమ్ము, రైలు పట్టా: తార్‌బహార్ విద్యార్థుల రేఖాగణితం

బెంగాల్–నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తదనంతరం ఛత్తీస్‌గఢ్ మైదానంలో పట్టాలు పరచుకోగా, బిలాస్‌పూర్ ప్రధానమైన కూడలిగా రూపొందింది. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రతో రాకపోకలు సుగమమయ్యాయి. రైల్వే కొలువుల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. రైల్వే ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న తార్‌బహార్ వంటి పేటల నుంచి ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు పిల్లల చదువు ఒక ఆసక్తికరమైన చరిత్రతో ముడిపడి ఉంది.

జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షను 2021 నుంచి తెలుగులోనూ నిర్వహిస్తున్నారు. అయితే తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. బిలాస్‌పూర్‌లో పరీక్ష వ్రాసేవారికి హిందీ, ఇంగ్లీషు, ఉర్దూలే శరణ్యం. ఇంట వినే మాట ఒకటి, బడిలో చదివే మాట మరొకటి.

ఈ రెండింటి మధ్య ఎడం మనం అనుకున్నంత పెద్దది కాదు. త్రిభుజం, కోణం, లంబం, వృత్తం, వ్యాసం, స్పర్శరేఖ రెండు భాషల్లోనూ ఉన్నవే. చిక్కంతా కొద్దిపాటి తేడాలలోనే ఉంది. తెలుగులో లంబకోణ త్రిభుజపు పెద్ద భుజాన్నీ, చతుర్భుజంలో ఎదురెదురు మూలలను కలిపే రేఖనూ సాధారణంగా ‘కర్ణం’ అనే అంటాము. హిందీలో మొదటిది ‘కర్ణ్’, రెండవది ‘వికర్ణ్’. మన చతురస్రం అక్కడ ‘వర్గ్’. మన దీర్ఘచతురస్రం ‘ఆయత్’. మన ‘సరూప’ త్రిభుజాలు అక్కడ ‘సమరూప్’. తెలుగు పెద్దలు ఇంట లెక్క చెప్పేటప్పుడు ఈ భేదాలను గుర్తించకపోతే, విషయం తెలిసిన విద్యార్థి సైతం ప్రశ్నను అపార్థం చేసుకునే ప్రమాదం ఉంది.

ఈ పదాల వెనుక ఒక విల్లు దాగి ఉంది. వృత్తభాగం చాపం, అంటే విల్లు. దాని కొనలను కలిపే రేఖ తెలుగులో జ్యా, హిందీలో జీవా; రెంటికీ వింటినారి అనే అర్థం. నారి మధ్య నుంచి వంపు దాకా ఉన్న దూరం శరం, అంటే అమ్ము. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం ఇలా నిర్దేశించింది: వృత్తంలో ఇరువైపుల శరాల లబ్ధం అర్ధజ్యా వర్గానికి సమానం.

బిలాస్‌పూర్ పట్టాలపై ఈ సూత్రం నేటికీ పనిచేస్తున్నది. వంపు తిరిగిన పట్టాను సరిచూసేందుకు మార్గ సిబ్బంది 20 మీటర్ల తాడును జ్యాగా పట్టి, మధ్యలో పట్టాకూ తాడుకూ గల ఎడాన్ని కొలుస్తారు. 875 మీటర్ల వ్యాసార్ధం గల వంపును తీసుకుందాం. అర్ధజ్యా 10 మీటర్లు, దాని వర్గం 100. వ్యాసం 1,750 మీటర్లు. శరం చాలా చిన్నది కనుక ఎదుటి శరాన్ని దాదాపు వ్యాసంగానే గ్రహించవచ్చు. 100ను 1,750తో భాగిస్తే శరం సుమారు 57 మిల్లీమీటర్లు. కొలత ఇంతకు అనుమతించిన పరిమితిని మించి భిన్నమైతే పట్టా సవరణ కోరుతున్నదన్నమాట.

పట్టాలపై తండ్రి తాడుతో కొలిచేదీ, ప్రవేశ పరీక్షకై బిడ్డ కాగితంపై సాధించేదీ ఒకే రేఖాగణితం. తండ్రికి సూత్రం పేరు తెలియకపోవచ్చు. బిడ్డకు దాని ప్రయోజనం తెలియకపోవచ్చు. ప్రవాస తెలుగు సంఘాలు ఉభయ భాషల గణిత పదాలను ఒక చిన్న పట్టికగా కూర్చి, ఇటువంటి స్థానిక ఉదాహరణలతో పిల్లలకు అందిస్తే ఇంటి భాష పరీక్షకు అవరోధం కాక ఆలంబన కాగలదు.