ఉద్దానము: కారణము తెలియని వ్యాధి చరిత్ర

ఉద్దానమను మాటకు ఉద్యానవనమే మూలమని పెద్దలు చెప్పుదురు. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి, పలాస మీదుగా ఇచ్ఛాపురము వరకు, సముద్రతీరము వెంట కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండు సీమ అది. పొద్దస్తమానము ఆ తోటలలో పాటుపడు మనుష్యులు మూత్రపిండములు చెడి మంచము పట్టుచున్నారను విషయము గత శతాబ్దపు చివరి సంవత్సరములనుండి వైద్యుల దృష్టికి వచ్చినది.

మూత్రపిండములను సాధారణముగా చెరచునవి మధుమేహము, రక్తపుపోటు. ఇక్కడి రోగులలో పెక్కుమందికి ఆ రెండును లేవు. తొలిదశలో కాళ్ల వాపు ఉండదు. మూత్రములో మాంసకృత్తులు పోవుటయు స్వల్పమే. అందుచేత రోగి తన రోగమును ఎరుగునప్పటికి మూత్రపిండముల శక్తి చాలవరకు హరించిపోయి యుండును.

ఆచార్య టి. రవిరాజు గారి బృందము 2210 మందిని పరీక్షించి, నూటికి 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి కలదని 2019లో ప్రకటించినది. మరుసటి యేడు జార్జి ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు సుమారు 2400 మందిని పరీక్షింపగా ఆ సంఖ్య 21గా తేలినది. వ్యాధిగ్రస్తులలో దాదాపు సగముమందికి తెలిసిన కారణమేదియు కానరాలేదు. నీటిలోని సిలికా, లోహములు, పురుగుమందులు, నొప్పిమాత్రలు, ఎండలో చెమటోడ్చి చాలినంత నీరు త్రాగకుండుట - వీనియన్నిటిపైనను అనుమానము కలిగినది. నేరము ఏ ఒక్కదానిపైనను రుజువు కాలేదు.

ఇట్టి చిక్కుముడి లోకమున ఇదే మొదటిది కాదు. డాన్యూబు ఉపనదుల గట్టులనున్న బాల్కను పల్లెలను ఇటువంటి వ్యాధియే పీడించుచున్నదని 1950 దశకములో వైద్యులు గుర్తించిరి. గోధుమచేలలో మొలచు ఒక విషపు కలుపుమొక్క గింజలు పిండిలో కలియుటయే కారణము కావచ్చునని 1969లోనే సూచన వచ్చినది. దానిని పట్టించుకొన్నవారు అరుదు. 2007 నాటికిగాని అందుకు బలమైన రుజువు దొరకలేదు. ఉద్దానపు కారణము వేరు కావచ్చును. అయినను ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు: సత్యము తేలుటకు అర్ధశతాబ్దము పట్టవచ్చును, రోగి అంతకాలము వేచియుండలేడు.

పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ పరిశోధనా కేంద్రము ప్రారంభమైనవి. హిరమండలం జలాశయమునుండి వంశధార నీటిని గొట్టముల ద్వారా పల్లెలకు చేర్చు పథకమును ఆనాడే ఆరంభించిరి. టెక్కలి, సోంపేట ఆసుపత్రులలోను డయాలిసిస్ సౌకర్యము ఏర్పడినది. కాని డయాలిసిస్ కడపటి మెట్టు. మొదటి మెట్టు రక్తములో క్రియాటినిన్ పరీక్ష. ఒంట్లో నలత లేకున్నను ఆ సీమవారు ఏటేట దానిని చేయించుకొనవలెను. వైద్యుని అడుగక నొప్పిమాత్ర మ్రింగరాదు. పరిశోధకులకు మనము చేయగల సాయమును ఆ పరీక్షయే. ఇంటింటినుండి ఏటేట చేరు ఆ అంకెలలోనే కారణపు జాడ దొరకవలసియున్నది.