పాత అంబాసిడర్‌కు ఏ ఆయిల్ పోయాలి?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే పోయింది. అయినా అబ్బాజాన్ నడిపిన బండి అని అమ్మకుండా కవరు కప్పి ఉంచుకునే ఇళ్లు ఇబ్రహీంపట్నంలోనూ, సాగర్ రోడ్డు పొడవునా ఉన్నాయి. పండగకో, వలీమాకో బయటికి తీస్తారు. అలాంటి బండికి షాపులో అన్నిటికన్నా ఖరీదైన ఆయిల్ పోస్తే చాలనుకోవడం పొరపాటు.

ముందు బ్రేకుల సంగతి. మెకానిక్కులంతా 'బ్రేక్ ఆయిల్' అంటారు గానీ అది ఆయిల్ కాదు, గ్లైకాల్‌తో చేసిన ద్రవం. డబ్బా మీద డాట్ 3 లేదా డాట్ 4 అని ఉండాలి. పేరు చూసి ఇంజన్ ఆయిల్ కొంచెం కలిపినా లోపలి రబ్బర్లు ఉబ్బిపోయి బ్రేకులు పనిచేయవు. సిలికాన్‌తో చేసే డాట్ 5 కూడా వీటితో కలపకూడదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, బండి తిరగకపోయినా సరే. తేమ చేరిన ద్రవం వేడికి త్వరగా మరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. పైగా చాలా పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే లైను. ఒకచోట లీకైతే నాలుగు బ్రేకులూ పోతాయి. పిల్లాపాపలతో వెళ్లే బండి కదా, రెండేళ్లకోసారి మొత్తం మార్పించాలి. మూత తీసిన డబ్బా మళ్లీ వాడుకుందామని దాచొద్దు.

పాత పెట్రోల్ ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ మన ఎండలకు సరిపోతుంది. కొత్త కార్లకు వాడే 0డబ్ల్యూ-20 లాంటి పల్చటి ఆయిల్ అరిగిన ఇంజన్‌లో నిలవదు, ప్రెషర్ పడిపోతుంది. బండి తిరిగినా తిరగకపోయినా ఏడాదికోసారి మార్చాలి.

గేర్‌బాక్సులో ఇత్తడి రింగులు ఉంటే జీఎల్-4 రకమే మేలు. జీఎల్-5లో ఎక్కువగా ఉండే గంధకం ఇత్తడిని తినేసే ప్రమాదం ఉంది. వెనక క్రౌన్‌కు మాత్రం జీఎల్-5 పనికొస్తుంది. ఏదైనా కంపెనీ పుస్తకంలో రాసిందే ఆఖరి మాట.

రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయొద్దు. ఉప్పు పేరుకుని సన్నటి గొట్టాలు మూసుకుపోతాయి. డిస్టిల్డ్ వాటర్, కూలంట్ సగం సగం కలిపి పోయాలి, అదీ ఇంజన్ చల్లారాకే.

ఇక పెట్రోల్. ఇప్పుడు బంకుల్లో దొరికేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఆ కాలపు రబ్బరు పైపులు దీనికోసం చేసినవి కావు. మెత్తబడినా, పగుళ్లు కనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా స్టార్ట్ చేయకముందే వాటిని మార్పించాలి.