అనుకరణ క్రీడల్లో అనుబంధ రచన: బేగంపేట నుంచి శంషాబాద్ వరకు ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

వాస్తవ ప్రపంచంలోని ఒక పనినో, ఒక స్థలాన్నో తెరమీద సాధ్యమైనంత యథాతథంగా నడిపించే ఆటలను సిమ్యులేషన్ గేమ్‌లు అంటారు. వీటిని తెలుగులో అనుకరణ క్రీడలు అనవచ్చు. విమానం నడపడం, బస్సు నడపడం, నగరం నిర్మించడం వీటి ఇతివృత్తాలు. కథాప్రధానమైన ఆటకు ముగింపు ఉంటుంది. అనుకరణ క్రీడకు అది ఉండదు. అనుకరించబడే లోకం మారుతూనే ఉంటుంది. ఆట విడుదలైన తరువాత దానికి చేర్చే విమానాశ్రయాలు, వాహనాలు, పటాలు మొదలైనవాటిని ఈ వ్యాసంలో అనుబంధాలు అని వ్యవహరిస్తున్నాను. వీటి విషయంలో మూలకర్తలు ఎలా ప్రవర్తించారు, ఆటగాళ్లతో ఎలా సంభాషించారు అన్నది పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. స్థానిక నిదర్శనం:

రంగారెడ్డి జిల్లా షాబాద్, చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతానికి దగ్గరలోనే దీనికి తగిన ఉదాహరణ ఉంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ 2006 అక్టోబరులో విడుదలైంది. అప్పటికి హైదరాబాద్ విమానాశ్రయమంటే బేగంపేటే. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమై, ప్రయాణికుల విమానాలు అక్కడికి మారాయి. 2009 జనవరిలో ఆ ఆటను రూపొందించిన ఏసెస్ స్టూడియోను మైక్రోసాఫ్ట్ మూసివేసింది. లోకం శంషాబాద్‌కు తరలిపోగా ఆట బేగంపేట దగ్గరే ఆగిపోయింది. ఇక ఆ ఆటలో శంషాబాద్‌కు చోటు దొరకాలంటే బయటి అనుబంధకర్తలే దిక్కు. డీలక్స్ ప్రతితో పాటు నిర్మాణ సాధనాలను కూడా ఇచ్చి ఉండటం వల్లనే వారికి ఆ పని సాధ్యమయ్యే వీలు కలిగింది.

3. మూసిన తలుపు, తెరిచిన తలుపు:

ఆ తరువాత మైక్రోసాఫ్ట్ ఇందుకు భిన్నమైన మార్గం పట్టింది. 2012 ఫిబ్రవరి 29న విడుదలైన ‘మైక్రోసాఫ్ట్ ఫ్లైట్’ మొదట హవాయి దీవులకు పరిమితమైన ఉచిత ఆట. అనుబంధాలను సంస్థ ద్వారానే కొనాలి; బయటివారికి నిర్మాణ సాధనాలు ఇవ్వలేదు. దశాబ్దాలుగా అనుబంధాలు రాస్తూ వచ్చినవారికి అందులో స్థానం లేకపోయింది. ఐదు నెలలు నిండకముందే, అదే సంవత్సరం జులైలో, దాని అభివృద్ధిని నిలిపివేశారు.

2020 ఆగస్టు 18న ఫ్రెంచి సంస్థ అసోబో రూపొందించిన కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చింది. ఇందులో బయటి కర్తలకు సాధనాలు లభించాయి. వివిధ దేశాల భూభాగాలను మెరుగుపరిచే నవీకరణలు ఉచితంగా అందాయి. పనుల పురోగతిని సంస్థ వారంవారం ప్రకటించింది. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగోళమంతా తెరమీదికి రావడంతో షాబాద్ పొలాలు కూడా అందులో చేరాయి. అయితే ఇళ్లలో అధికభాగం యంత్రం ఊహించి కట్టినవే. ఊరి గుడిని, మసీదును, బస్టాండును పోల్చుకునేలా చూపాలంటే ఆ ఊరు తెలిసిన మనిషి కావలసిందే.

4. మూలం కుదుటపడకముందే అనుబంధం:

నగర నిర్మాణ క్రీడ ‘సిటీస్: స్కైలైన్స్ 2’ చరిత్ర మరొక పాఠం చెబుతుంది. 2023 అక్టోబరులో విడుదలైన ఈ ఆట నెమ్మదిగా నడుస్తున్నదని, లోపాలు చాలా ఉన్నాయని ఆటగాళ్లు మొరపెట్టుకున్నారు. అవి తీరకముందే, 2024 మార్చిలో సముద్రతీర గృహాల అనుబంధాన్ని అమ్మకానికి పెట్టారు. తీవ్ర నిరసన ఎదురైంది. ఏప్రిల్‌లో నిర్మాతలు బహిరంగ లేఖ ద్వారా క్షమాపణ చెప్పి, దానిని అందరికీ ఉచితం చేసి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇస్తామన్నారు. తరువాతి పెద్ద అనుబంధాన్ని మరుసటి ఏడాదికి వాయిదా వేశారు.

అనుబంధాన్ని అమ్మడమే దోషమని దీనినుంచి తేల్చరాదు. ‘యూరో ట్రక్ సిమ్యులేటర్ 2’ 2013 నుంచి కొత్త ప్రాంతాల పటాలను అమ్ముతూనే, మూల క్రీడను ఉచితంగా నవీకరిస్తూ వస్తున్నది. ఉక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో, 2022 మేలో, అప్పటికే తయారీలో ఉన్న రష్యా పటాన్ని విడుదల చేయబోమని కారణంతో సహా ప్రకటించింది. ఆటగాళ్లను మౌనంతో ఎదురుచూడనివ్వలేదు.

5. ఆర్టీసీ బస్సు, పూరణ సంప్రదాయం:

తెలుగు ఆటగాళ్లకు అనుబంధం బాగా పరిచయమైన చోటు 2017లో వచ్చిన ఇండోనేషియా ఆట ‘బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా’. బస్సు రంగులను, వాహన నమూనాలను ఆడేవారే చేర్చుకునే వీలు ఇందులో ఉంది. అందువల్లనే మన ఆర్టీసీ బస్సులు జావా రహదారుల మీద తిరుగుతున్నాయి. వీటిని చేసే యువకుల శ్రమకు సాధారణంగా జీతం లేదు. దక్కగలిగినది పేరు మాత్రమే. ఒకరు చేసినదాన్ని మరొకరు పేరు తీసివేసి పంచితే ఆ ఒక్కటీ పోతుంది.

ఈ ప్రశ్న తెలుగు సాహిత్య విద్యార్థికి కొత్తది కాదు. పోతన భాగవతంలో పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను నారయ రచించారు. స్కంధాంత గద్యల్లో వారి పేర్లు ఉన్నాయి కనుక అవి పూరణలుగా గౌరవం పొందాయి. కర్త పేరు లేకుండా మూలంలో కలిసిపోయినవాటిని ప్రక్షిప్తాలు అన్నాం. రెండూ చేర్పులే. చేర్చినవారు తెలియడం, తెలియకపోవడంలోనే వాటి తేడా ఉంది.

6. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

• అనుకరణ క్రీడ స్వభావరీత్యా అసంపూర్ణం. బయటివారికి సాధనాలు ఇవ్వడం మూలకర్త చూపే ఔదార్యం కాదు, ఆ క్రీడ మనుగడకు ఆధారం.

• మూలంలోని లోపాలు సరిదిద్దిన తరువాతనే అనుబంధాన్ని అమ్మకానికి పెట్టాలి.

• జాప్యాన్ని, రద్దును, పొరపాటును కారణాలతో సహా ముందుగా చెప్పాలి.

• అనుబంధకర్త పేరు చెరిగిపోకుండా నిలిపే ఏర్పాటు ఆటలోనే ఉండాలి.

పెద్ద సంస్థల పటాల్లో షాబాద్ వంటి ఊళ్లు చివరి వరుసలోనే ఉంటాయి. వాటిని తెరమీద నిలిపేది అక్కడి మనుషులే. స్టూడియో మూతపడినా ఆ ఊరు ఆటలో మిగలాలంటే, తలుపు తెరిచి ఉంచే బాధ్యత మూలకర్తదే.