ఇరవైనాలుగు పాయింట్ల కథ

సెరంగూన్ రోడ్డులో ఆదివారం సాయంత్రం కారు నిలపడానికి చోటు దొరకడం, తిరణాలలో విడిచిన చెప్పులు మళ్ళీ దొరకడంలాంటిది. పెరుమాళ్ళ కోవెల దగ్గర మనవాళ్ళు నలుగురు కలిస్తే పిల్లల చదువుల తరవాత వచ్చే మాట జరిమానాలే. ఎవరికెంత పడిందో చెప్పుకుని నవ్వుకుంటాం. పాయింట్ల సంగతి మాత్రం ఎవరూ పైకి చెప్పరు. రక్తపరీక్ష ఫలితంలాగా దాచుకుంటారు. ఈ పాయింట్లు ఎక్కడినుంచి వచ్చాయో చూద్దామని కాస్త తవ్వాను.

జరిమానా పాత పద్ధతి. అందులో ఉన్న చిక్కల్లా, డబ్బున్నవాడికి అది శిక్షగా అనిపించదు. గేటు రుసుములాగా కట్టేసి పోతాడు. బ్రిటన్‌లో 1962 చట్టం దీనికో ఉపాయం పన్నింది. మూడేళ్ళలో మూడు తప్పులు లైసెన్సు మీద నమోదైతే ఆరు నెలలు బండి తోలకూడదన్నారు. కాని అందులో చిన్న తప్పూ ఒకటే, పెద్ద తప్పూ ఒకటే. 1974లో పశ్చిమ జర్మనీ తప్పును బట్టి పాయింట్లు వేసి, దేశం మొత్తం లెక్కను ఫ్లెన్స్‌బుర్గ్ అనే ఊళ్ళో ఉంచింది. బ్రిటన్ 1982లో పాయింట్లలోకి మారింది. మరుసటి ఏడే, 1983 మార్చి 1న, సింగపూరులో 'డ్రైవర్ ఇంప్రూవ్‌మెంట్ పాయింట్స్ సిస్టమ్' అమలులోకి వచ్చింది. పేరులో శిక్ష అన్న మాట లేదు, బాగుపడమన్న మాట ఉంది. పేరు పెట్టినవాడెవరో గాని తెలివైనవాడు.

లెక్క ఇది. 24 నెలల్లో 24 పాయింట్లు చేరితే లైసెన్సు 12 వారాలు ఆగిపోతుంది. అక్కడినుంచి గడువు బిగుస్తుంది. ఒకసారి ఆగినవాడికి ఆ తరవాత 12 నెలల్లో 12 పాయింట్లు చాలు, 24 వారాలు ఇంట్లో కూర్చోవాలి. ఏడాదిగాని అంతకు మించిగాని ఆపితే లైసెన్సు చెల్లదు, పరీక్షలన్నీ మొదటినుంచి రాయాలి. కొత్తగా లైసెన్సు వచ్చినవాడికి మొదటి ఏడాదిలో 13 పాయింట్లతోనే అది రద్దు. ఎర్రదీపం దాటితే ఒక్కదెబ్బకు 12.

వైద్యుడిగా నాకు నచ్చింది ఇంకొకటి. 12 నెలలు ఏ తప్పూ చెయ్యకపోతే పాత పాయింట్లన్నీ చెరిగిపోతాయి. ఒంట్లో పేరుకున్న విషం, కొత్త మోతాదు పడకపోతే మెల్లగా బయటికి పోయినట్టు.

జరిమానాలు కూడా ఊరుకోలేదు. 2019లో ఎర్రదీపానికి కారుకు 200 డాలర్లున్నది 400 అయింది. 2026 జనవరి 1నుంచి, పరిమితిని 20 కిలోమీటర్ల లోపు మించినా 4 పాయింట్ల బదులు 6 వేస్తున్నారు. మన హైదరాబాదులోనూ 2017 ఆగస్టు 1న పాయింట్లు మొదలయ్యాయి. అక్కడ 24 నెలల్లో 12 చేరితే ఏడాదిపాటు లైసెన్సు నిలిపివేత అన్నారు.

ధనికుడికీ పేదకీ పాయింటు ఒకటేనని, జరిమానాకంటె ఇదే న్యాయమని నేనూ చాలాచోట్ల వాదించాను. రెండేళ్ళ క్రితం శ్రీకాకుళం మనిషి ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. కట్టడం పనివాళ్ళను లారీలో పనిచోటికి చేర్చడం ఆయన ఉద్యోగం. నడుం నొప్పని వచ్చాడు గాని నొప్పి నడుంలో లేదు. ఎర్రదీపానికి 12, వేగానికి 8, పడి ఉన్నాయి. మళ్ళీ వేగానికే ఇంకో 4 వచ్చిపడ్డాయి. వెనకటి తప్పు జరిగి పది నెలలైంది.

"ఇంకో రెండు నెలలైతే అన్నీ పోయేవి బాబూ. ఆ రోజు నాకు కళ్ళు తిరిగాయని ఓ కాయితం రాసి ఇచ్చీండి" అన్నాడు.

రాయనన్నాను. రాస్తే అబద్ధమన్నది ఒకటి. కళ్ళు తిరిగే మనిషి చేతికి అంతమంది ప్రాణాలెలా ఇచ్చారని అడుగుతారు, 12 వారాలతో పోయేది ఎప్పటికీ పోతుంది అన్నది రెండోది. రెండోదే ఆయనకు చెప్పాను. మొదటిది చెప్పడానికి నోరు రాలేదు. 12 వారాలు లైసెన్సు లేకపోతే నేను రైలెక్కి ఆసుపత్రికి పోతాను. ఆయనకు పోయేది అన్నం. ఆ తేడా ఏ పట్టికలోనూ లేదు. అలాగని ఆ లారీ వెనక కూర్చున్నవాళ్ళను తలుచుకుంటే పట్టిక తప్పని అనలేను. అత్యవసర విభాగంలో రాత్రిళ్ళు పనిచేసినవాణ్ణి.

నాలుగైదు నెలల తరవాత సెరంగూన్‌లో పూలకొట్టు దగ్గర కనిపించాడు. యజమాని తీసెయ్యలేదట. ఆ 12 వారాలూ అదే లారీ వెనక కూర్చుని పనికి వెళ్ళి, ఇటుకలు మోశాడట.

"వెనక కూకుంటే మలుపుల్లో ఎంత ఊగిపోతామో ఇప్పుడు తెలిసింది బాబూ" అని, కాసేపాగి అడిగాడు. "ఇకమీద నాకు 12 పాయింట్లే కదండీ?"

అవునన్నాను.