ప్రపంచమున అధికజన వ్యవహృతములగు భాషలు

భాషలను మాటాడువారి సంఖ్యనుబట్టి వరుస దీర్చుట పైకి సులభముగ దోచునుగాని, మాతృభాషగా గలవారినే లెక్కింపవలెనా, నేర్చి వ్యవహరించువారిని గూడ జేర్చవలెనా యను ప్రశ్న తొలి యడుగుననే యెదురగును. మొదటి లెక్కలో 90 కోట్లకు మించిన జనముతో చీనా దేశపు మాండరిన్ అగ్రస్థానమున నుండగా, రెండవ లెక్కలో, మాతృభాషగా గలవారు 40 కోట్లకు లోపే యైనను, ఆంగ్లము దానిని మించుచున్నది.

భాషలకు ఇట్టి ప్రాబల్యమును ఓడలును, పాలనమును, పాఠశాలలును దెచ్చిపెట్టినవి. 1492లో నెబ్రిహా యను స్పెయిను పండితుడు స్పానిషు వ్యాకరణమును రచించి రాణి ఇసబెల్లాకు అంకితమిచ్చెను. ఆ యేటనే కొలంబసు పడమటి సముద్రమును దాటెను. నేడు ఆ భాషను మాతృభాషగా గలవారిలో స్పెయిను దేశస్థులు సుమారు పదింట నొకవంతు. తక్కినవారిలో అత్యధికులు అమెరికా ఖండములవారు. భారతదేశమున 1835లో గవర్నరు జనరలు బెంటింకు ప్రభుత్వము విద్యాధనమును ఆంగ్లబోధకు మరలించుటతో ఆ భాష ఉద్యోగమునకు సోపానమైనది. చీనాయందు ఉచ్చారణమును ఏకము జేయుటకై 1913లో పెకింగున (నేటి బీజింగు) పండితులు సమావేశమై కుదిర్చిన మధ్యేమార్గము నిలువలేదు. తుదకు 1956లో పెకింగు ఉచ్చారణమే ప్రమాణముగా గల సామాన్యభాష బడుల కెక్కినది. అయినను దక్షిణ చీనాలోని కాంటను వాసియు పెకింగు వాసియు ఎదురెదుట గూర్చుండి తమ తమ యింటి పలుకున మాటాడినచో ఒకరి మాట యొకరికి బోధపడదు. కాగితముపై ప్రమాణరీతిని వ్రాసి చూపిన నిరువురును జదువుదురు. చెవికి రెండైనదానిని లిపినిబట్టి యొకటిగా లెక్కించుట న్యాయము కాదు.

ఈ చిక్కు మన జనాభా లెక్కలలో మఱింత స్పష్టము. ఎన్యూమరేటరు వాకిట నిలిచి యడుగునది, బాల్యమున తల్లి మాటాడిన భాష యేదని. తల్లి పసితనముననే గతించినయెడల, ఆ యింట ప్రధానముగ వ్యవహరించిన భాష. మాటలురాని శిశువునకు తల్లి భాషయే. చెప్పిన పేరు చెప్పినట్లే వ్రాసికొందురు. 2011లో ఇట్లు చేరిన పేర్లు 19,569. వానిని పరిశీలించి 1,369 మాతృభాషలుగను, పిదప 121 భాషలుగను గూర్చిరి. 52.83 కోట్ల హిందీలో 5 కోట్లకు పైబడిన భోజపురి యిమిడియున్నది. పూర్వము హిందీలోనే కలిసియుండిన మైథిలి 2003లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలు నెక్కి వేఱు పద్దయినది.

తెలుగు 1961లో 3.77 కోట్లతో దేశమున ద్వితీయము. తరువాత బెంగాలీకి దిగువ తృతీయమై, 2011 నాటికి 8.11 కోట్లతో, 8.30 కోట్ల మరాఠీకిని వెనుక చతుర్థమైనది. మాటాడువారు తగ్గలేదు, 2001లో వారు 7.40 కోట్లే, పెరుగుదల మందగించినది. అమెరికాయందును మలేసియాయందును స్థిరపడిన తెలుగువారు ఈ సంఖ్యలో జేరరు.