మడ అడవి నుంచి మట్టి గుట్ట దాకా: గోదావరి తీరంలో వృక్ష సర్వేల చరిత్ర

వ్యాస సంగ్రహం: గోదావరి డెల్టాలో చెట్టును స్థానిక నామంతో సహా నమోదు చేసే సంప్రదాయం 18వ శతాబ్దంలోనే మొదలైంది. ఎగువన సింగరేణి ప్రాంతంలో తొలి శాస్త్రీయ సర్వే దృష్టి భూగర్భంపై నిలిచింది. ఈ భేదం నేటి భూ ఆచ్ఛాదన పటాలను చదవడంలో ఎందుకు ముఖ్యమో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మడ అడవులు, భూ ఆచ్ఛాదన, క్షేత్ర సర్వే, గోదావరిఖని, వృక్షనామాలు.

1. ఉపోద్ఘాతం

నేలపై అడవి, పంట, నీరు, బీడు ఎంతెంత ఉన్నాయో చెప్పేది భూ ఆచ్ఛాదన పటం. నేడు దీన్ని ప్రధానంగా ఉపగ్రహ చిత్రాలతో తయారు చేస్తున్నారు. చిత్రంలో కనిపించే పచ్చదనం ఏ చెట్లదో నిర్ధారించడానికి మాత్రం మనిషి నేలపై నడవవలసిందే. ఆ నడక చరిత్ర ఒకే నదికి రెండు చోట్ల రెండు విధాలుగా సాగింది.

2. డెల్టా: పేరుతో మొదలైన పరిశీలన

విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉండి కోరమాండల్ తీరపు మొక్కలను చిత్రాలతో, వర్ణనలతో నమోదు చేశాడు. అనేక మొక్కలకు తెలుగు పేర్లను కూడా చేర్చాడు. స్థానిక నామం కేవలం గుర్తు కాదు, పరిశీలన ఫలితం. తెల్ల మడ, నల్ల మడ అనే విభజన శాస్త్రం వేరు చేసిన రెండు జాతులకు సరిపోతుంది. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదమని ఆ పేరు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యం విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. ఇటువంటి అడవుల్లో సర్వే చేసేవారు నిర్ణీత కొలతల చతురస్రాలు గీసి, వాటిలోని చెట్ల జాతులను, ఛాతీ ఎత్తున కాండం చుట్టుకొలతను, మొలకలను లెక్కిస్తారు. ఈ శ్రమకు ఆచరణలో విలువ ఉంది. చిత్రంలో ఖాళీగా కనిపించే చోటు నరికివేత వల్ల ఖాళీ అయిందా, ఉప్పు పేరి ఖాళీ అయిందా అన్నది నేలపైనే తేలుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ చేప ముల్లు ఆకారంలో కాల్వలు తవ్వించి, పోటు నీటిని లోపలికి రప్పించి మడను పునరుద్ధరించిన పద్ధతికి ఆధారం ఇటువంటి అవగాహనే.

3. బొగ్గు నేల: లోతును చూసిన సర్వే

1871లో భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు సమీపంలో బొగ్గును గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. భూగర్భ సర్వే కొలిచేది పొర మందం, వాలు, లోతు. పైనున్న టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప దాని లక్ష్యంలో లేవు. కనుగొన్నవాడి పేరు ‘కింగ్ సీమ్’గా బొగ్గు పొరకు నిలిచింది.

రామగుండం ప్రాంతంలో ఈ ధోరణి భాషలోనూ కనిపిస్తుంది. గోదావరిఖని అన్న పేరులోనే నదీ గనీ ఉన్నాయి, అడవి లేదు. గనులకు అంకెలు వచ్చాయి. ‘ఎయిట్ ఇంక్లైన్ కాలనీ’ వంటి నివాసాలకూ ఆ అంకెలే పేర్లయ్యాయి. ఉపరితల గనులు వచ్చాక నేల పైపొర, దానిపై చెట్లతో సహా తొలగిపోయింది. తీసిన మట్టి గుట్టలైంది.

4. ఒకే రంగు, వేర్వేరు అడవులు

భారత అటవీ సర్వేక్షణ సంస్థ నిర్వచనం ప్రకారం, హెక్టారు లేదా అంతకు మించిన స్థలంలో కనీసం 10 శాతం చెట్ల నీడ ఉంటే, జాతి ఏదైనా, యాజమాన్యం ఎవరిదైనా, అది అటవీ ఆచ్ఛాదనే. కాబట్టి మట్టి గుట్టపై నాటిన తోట తగినంత ఎదిగితే పటంలో పాత టేకు అడవి పక్కనే పచ్చగా నిలవగలదు. ఆ తోట మట్టిని పట్టి ఉంచుతుంది, దుమ్మును తగ్గిస్తుంది. దాని ప్రయోజనం కాదనలేనిది. అయితే తునికాకు కోసినవారికి, ఇప్పపువ్వు ఏరినవారికి అది పోయిన అడవికి ప్రత్యామ్నాయం కాదు. మడ అడవులకు అదే సంస్థ ప్రత్యేక లెక్క ఇస్తుంది. 2021 నివేదికలో ఆంధ్రప్రదేశ్‌కు 405 చదరపు కిలోమీటర్లు చూపింది. తోటకూ సహజ అడవికీ మధ్య అటువంటి విభజన గనుల ప్రాంతానికీ అవసరం.

5. ముగింపు

ఉపగ్రహ పటం విస్తీర్ణాన్ని చెబుతుంది, క్షేత్ర సర్వే జాతిని చెబుతుంది, స్థానిక నామం ఆ జాతితో మనిషికున్న సంబంధాన్ని చెబుతుంది. గనుల కింద ఊళ్లు ఖాళీ అయినప్పుడు చెరువు, చెలక, చెట్టు పేర్లు వాటిని వాడిన తరంతోనే వెళ్లిపోతాయి. ఆ తరం ఉండగానే బొగ్గు ప్రాంత కళాశాలల తెలుగు, వృక్షశాస్త్ర శాఖలు కలిసి వాటిని సేకరించాలి. తవ్విన చోట మళ్లీ ఏ అడవి పెరగాలో నిర్ణయించడానికి, అక్కడ ఏ అడవి ఉండేదో ముందు తెలియాలి.