ఆరుగురు మోసే వంతెన

ఆమదాలవలసలో రైలు దిగితే బోర్డు మీద ‘శ్రీకాకుళం రోడ్’ అని ఉంటుంది. అక్కడికీ దూసికీ మధ్య రైలు నాగావళిని దాటుతుంది. ఈ లైను 1890లలో వేసినది. అదే ఏటికి ఎగువన, కొమరాడ మండలంలో, పూర్ణపాడు–లాబేసు వంతెన మాత్రం ఏళ్ల తరబడి మధ్యలోనే ఆగిపోయింది. అవతలి గిరిజన ఊళ్లకి పడవే దిక్కయింది.

కొండ ఊళ్లకి వంతెన ఎందుకు లేదని అడిగితే మనకి వినిపించే జవాబు ఒకటే: సామాను వెళ్లదు, క్రేన్ వెళ్లదు. దీనికి 80 ఏళ్ల కిందటే బదులు దొరికేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940–41లో, డొనాల్డ్ బెయిలీ అనే బ్రిటిష్ ఇంజనీరు ఉక్కు ప్యానెళ్ల వంతెన తయారుచేశాడు. ఒక్కో ప్యానెల్ 10 అడుగుల పొడవు, సుమారు 260 కిలోలు. ఆరుగురు మోస్తే చాలు. వాటిని పిన్నులతో కలిపి, రోలర్ల మీద పెట్టి, ఈ గట్టు నుంచే ఆ గట్టుకి తోసేస్తారు. వెల్డింగ్ లేదు, క్రేన్ అక్కర్లేదు. డోలీ మోసిన భుజాలకి ఈ బరువు కొత్తేం కాదు!

2024 జూలై 30న వయనాడ్‌లో కొండ విరిగిపడి చూరల్‌మల వంతెన కొట్టుకుపోయింది. మన సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రెండు రోజుల లోపే 190 అడుగుల బెయిలీ వంతెన నిలబెట్టింది. 24 టన్నులు మోస్తుంది. అంబులెన్స్ అందులో ఎన్నో వంతు?

అయితే దీన్ని వేసి వదిలేస్తే కుదరదు. పిన్నులు, బోల్టులు చూస్తూ ఉండాలి, తుప్పు గీకి రంగు వేస్తూ ఉండాలి. ముఖ్యంగా బరువు హద్దు దాటకూడదు. 2020 జూన్ 22న ఉత్తరాఖండ్‌లో మున్సియారీ దగ్గర పొక్లెయిన్ ఎక్కించుకున్న లారీ వెళ్తుంటే పాత బెయిలీ వంతెన కూలిపోయింది. సరిహద్దు రోడ్ల సంస్థ వారం తిరక్కుండానే అక్కడ కొత్తది వేసింది. చైనా సరిహద్దు దారి కదా, ఆగలేదు. మన గెడ్డల మీద కుంగిన కల్వర్టులకి ఆ తొందర ఎవరికీ ఉండదు.

మధ్యలో స్తంభం లేకుండా ఇది సుమారు 200 అడుగుల వరకే పనికొస్తుంది. నాగావళి లాంటి పెద్ద ఏటికి స్తంభాలు తప్పవు. గెడ్డలకి మాత్రం సరిపోతుంది. కాబట్టి సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏ గ్రీవెన్స్‌కి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అర్జీలో ‘వంతెన కావాలి’ అని మాత్రమే రాయకండి. గెడ్డ వెడల్పు ఎంత, గట్టు రాయా మట్టా, ఆ దారిన వెళ్లాల్సిన పెద్ద బండి ఏది, ఇవన్నీ రాయండి. వెడల్పు వేసవిలో కొలవొద్దు. వానాకాలం నీళ్లు ఎక్కిన గుర్తు దగ్గర నుంచి కొలవండి.